కడిగి బోర్లించిన జాడీ

"జాడీ ఎవరు కడిగారు?"

అత్తగారు మళ్ళీ అదే మాట అడిగింది. ఇందాకటిలా అరవలేదు. గొంతు తగ్గించి అడిగింది. ఆ ఇంట్లో ఆవిడ అరిస్తే ఎవరూ పట్టించుకోరు, వీధిలో వాళ్ళు కూడా అలవాటు పడిపోయారు. గొంతు తగ్గితేనే పెద్దకోడలికి కంగారు.

జాడీ వంటింటి గట్టు మీద బోర్లించి ఉంది. దాని అంచు నుంచి కారిన నీళ్ళు గట్టు మీద మడుగు కట్టాయి. లోపల వేలు పెట్టి చూస్తే పిండి జిగురు కూడా తగల్లేదు. ఎవరో పీచు పెట్టి తోమి, వేణ్ణీళ్ళతో తీరిగ్గా కడిగారు.

అది కడిగే వస్తువు కాదు. ఆ రొట్టెల కొట్టులో రోజూ అన్నీ కడుగుతారు, జాడీని తప్ప. కొట్టు కట్టేసే ముందు ఆ రోజు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసి అందులో వేసి మూత పెడతారు. మర్నాడు ఆ పాతపిండిని కొత్తపిండిలో కలిపితేనే రొట్టె పొంగుతుంది. తాతగారు మొదలుపెట్టిన పిండి, ఒక్కరోజు కూడా తెగలేదని కొట్టు బోర్డు మీద రాయించుకున్నారు. ఇంట్లో పెళ్ళి జరిగినా, పురుడు వచ్చినా, ముద్ద తీసి పెట్టాకే మిగతా పనులు. పెద్దకోడలు కాపురానికి వచ్చిన రోజు అత్తగారు ఆమెకి పడగ్గది చూపించలేదు, ఈ జాడీ చూపించింది.

"నేను కాదు అత్తయ్యా."

"నువ్వు కాక ఇంకెవరు? సబ్బు వాసన లేకపోతే నీకు నిద్ర పట్టదుగా. కొట్టంతా తోమడం అయిపోయి దీని మీద పడ్డావు."

"దీని మూత తుడవాలన్నా మిమ్మల్ని అడిగే తుడుస్తాను. మీకు తెలుసు."

"మరి దానంతటదే స్నానం చేసిందా?"

వ్యాన్ తాళాలు వేలికి తిప్పుకుంటూ చిన్నా వచ్చాడు. ఆవిడ రెండో కొడుకు. హోటళ్ళకీ, కిరాణా కొట్లకీ రొట్టెలు చేరవేసేది అతనే. దారిలో సగం రొట్టెల అంచులు తినేసేది కూడా అతనే. ఏదో వేళాకోళం ఆడబోయి, గట్టు మీద జాడీ చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి? పాతపిండి ఏదీ?"

"మీ వదిన్ని అడుగు."

"నేను కడగలేదంటే వినరేంటండీ."

కొట్టు వైపు తలుపు తెరుచుకుంది. పెద్దాడు, పెద్దకోడలి భర్త, లోపలికి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. రెండు నెలలుగా మాసిపోయి పెరిగిన గడ్డం పోయేసరికి చెంపలు ఎంత లోపలికి పోయాయో ఇప్పుడు తెలుస్తోంది. అయినా ముఖంలో ఏదో తేటదనం ఉంది.

"నేనే కడిగానమ్మా," అన్నాడు.

"ఎందుకురా?"

"రేపు సెలవు పెడదామని."

అత్తగారి చేతిలో ఉన్న జాడీ మూత జారి నేల మీద పడి రెండు ముక్కలైంది. తీయడానికి ఎవరూ వంగలేదు.

"సెలవేంటిరా?" అంది ఆవిడ. "ఈ కొట్టుకి సెలవెప్పుడుంది? సెలవే అయితే మాత్రం పిండి పారేస్తారా?"

"ఎన్నాళ్ళని మోస్తామమ్మా దాన్ని? ఇప్పుడు అందరూ ప్యాకెట్లో పొడి వేసి చేస్తున్నారు. అదీ పొంగుతుంది. చిన్నా నేర్చుకుంటాడు."

"నువ్వేం చేస్తావు?"

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి చిన్నా కూడా నవ్వాడు. రెండు నెలల తర్వాత ఇంట్లో ఒక నవ్వు కనపడితే వదులుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"కాసేపు పడుకుంటాను," అన్నాడు పెద్దాడు. "నన్ను లేపకండి."

మెట్లెక్కి పైగదికి వెళ్ళాడు. ఒక్కో మెట్టూ చప్పుడు లేకుండా ఎక్కాడు.

"గడియ వేసుకోకు," అని అత్తగారు కింద నుంచి కేకేసింది.

ఆ తర్వాత ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. మీ మామగారు బతికి ఉంటే ఇలా జరిగేదా అంది. వంశంలో దీపం ఆరిపోయినట్టే అంది. పిండి కోసం అంత ఏడుపు ఏడవడం పెద్దకోడలు ఎక్కడా చూడలేదు.

"పోతే పోయింది లేమ్మా," అన్నాడు చిన్నా. "పిండి ఇంకొకటి చేసుకోవచ్చు. అన్నయ్య మాట్లాడాడు, అది చూడు. నిన్నటిదాకా పని కాగానే గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి. పొద్దున్న నాకు బట్టీ నేర్పాడు తెలుసా? లోపల ఎడమ మూల వేడి ఎక్కువట, అక్కడ పెద్ద రొట్టె పెట్టకూడదట. చెక్కపార నా చేతికిచ్చి, ఇక నుంచి ఇది నీదిరా అన్నాడు."

"చెక్కపార ఇచ్చారా?" అంది పెద్దకోడలు.

"ఇచ్చాడు వదినా. నన్ను ఎప్పుడైనా ముట్టుకోనిచ్చాడా దాన్ని?"

రొట్టెలని బట్టీలోకి తోసే ఆ పొడవాటి చెక్కపార పెద్దాడు తన చేతికి సరిపడేలా తనే చెక్కుకున్నాడు. పిడి మీద అతని బొటనవేలు ఆనే చోట గుంట పడింది. ఒకసారి చిన్నా దానితో ఎలకని కొట్టాడని వారం రోజులు మాట్లాడలేదు.

పెద్దకోడలు వంగి మూత ముక్కలు ఏరింది. ఏరుతుంటే పొద్దుటి సంగతులు ఒకటొకటే గుర్తొచ్చాయి. ఇవాళ కాఫీ అడిగి తాగాడు. హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు, ఆదివారం కాకపోయినా చేశాడు, చాలాసేపు మాట్లాడాడు. ఆఖర్న మీ అమ్మని బాగా చూసుకో అన్నాడు. మిగిలిన రొట్టెలు పక్క కొట్టు వాళ్ళకి ఊరికే ఇచ్చేశాడు. అదంతా చూసి ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా సంతోషంతో ఏడ్చింది. ఆయన దిగులు గురించి చెబితే మందుల షాపు ఆవిడ వెళ్ళమన్న ఆసుపత్రికి ఇక వెళ్ళక్కర్లేదులే అనుకుంది.

ఇప్పుడు చేతిలో మూత ముక్కలు పెట్టుకుని చూస్తే అదే పొద్దు వేరేగా కనపడింది.

"చిన్నా, ఆయన బాగుపడలేదు."

"అదేంటి వదినా? కళ్ళ ముందే కనపడుతుంటే."

"బాగుపడ్డ మనిషి రేపటికి పిండి ఉంచుకుంటాడు."

చిన్నాకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం అతని తప్పు కాదు. అన్న నవ్వాడనే సంతోషం అతని చెవులు మూసేసింది. "నువ్వు ప్రతిదానికీ భయపడతావు," అని మొదలుపెట్టాడు.

అత్తగారి ఏడుపు టక్కున ఆగింది. ఆవిడ కోడలి ముఖంలోకి చూసింది.

"నోటితో అనకు," అంది. "అలాంటివి అంటే అవుతాయి."

"నేనేమీ అనలేదు అత్తయ్యా."

"అనకు. వాణ్ణీ అడగకు."

పెద్దకోడలు మూత ముక్కలు గట్టు మీద పెట్టి మెట్లెక్కింది.

తలుపు గడియ వేసి లేదు. అతను పడుకోలేదు. మంచం అంచున కూర్చుని, పని చేసేటప్పుడు కట్టుకునే తెల్లటి ఏప్రన్లు మడుస్తున్నాడు. అన్నీ ఉతికినవే. అంచుకి అంచు కలిపి, మడత మీద అరచేత్తో రాసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"పడుకుంటానన్నారు."

"నిద్ర రాలేదు."

"అవి మడవమని పెళ్ళైన కొత్తలో ఎంత పోరాను. ఏనాడైనా మడిచారా?"

"అందుకే మడుస్తున్నాను."

ఇంకో రోజైతే ఆమె నవ్వేది. వెళ్ళి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది, తల దించుకున్నా ముఖం కనపడేలా.

అడిగితే లేని ఆలోచన తనే పెట్టినట్టవుతుందేమో. మందుల షాపు ఆవిడ ఆ భయం పోగొట్టింది మొన్న. అడిగితే కొత్తగా ఏమీ పుట్టదమ్మా, అడగకపోతే ఆయనొక్కడే దానితో కూర్చుంటాడు అంది. చెప్పడం తేలిక. కట్టుకున్న వాడి కళ్ళలోకి చూసి అడగాలంటే తెలుస్తుంది.

"ఒకటి అడుగుతాను. అబద్ధం చెప్పకండి."

"అడుగు."

"చచ్చిపోదామనుకుంటున్నారా?"

కింద వీధిలో ఎవరో షట్టరు లాగారు. ఆ గరగర శబ్దం అయిపోయేదాకా అతను కదల్లేదు. తర్వాత ఏప్రన్ తాడు తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. జాడీ చూశాను."

అతను ఏదో అబద్ధం వెతుక్కున్నాడు. ఆమె వెతుక్కోనిచ్చింది. దొరకలేదు కాబోలు, తల ఊపాడు. చాలా చిన్నగా, ఎవరో కొట్టులోకొచ్చి రొట్టె ఉందా అంటే ఊపినట్టు ఊపాడు.

"అలసిపోయాను," అన్నాడు. "పిండిలో చెయ్యి పెడితే నా చెయ్యిలా ఉండదు. పొద్దున్నే మెలకువ రాగానే, అయ్యో మళ్ళీ తెల్లారిందా అనిపిస్తుంది. నా మూలంగా ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. తాత నిలబెట్టాడు, నాన్న నిలబెట్టాడు, నా చేతిలోకి వచ్చేసరికి రొట్టె మాడిపోతోంది. చిన్నాకి బట్టీ సంగతి చెప్పాను. పాపతో మాట్లాడాను. నీకే ఇబ్బందీ ఉండదు."

నీకే ఇబ్బందీ ఉండదు. ఆ మాటకి ఆమెకి దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. చెంప పగలగొట్టాలనిపించింది. పిల్ల పుట్టిన రోజు ఆసుపత్రిలో చెయ్యి విడవకుండా కూర్చున్న మనిషేనా ఈ మాట అంటున్నది? కానీ అతను తనని నొప్పించడానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆమెని భయపెట్టింది అదే.

"ఎప్పుడనుకున్నారు?"

అతను పైనున్న ఏప్రన్ మడత విప్పి మళ్ళీ వేశాడు.

"ఇవాళేనా?"

అతను తల దించుకున్నాడు.

"ఏమన్నా తెచ్చి పెట్టుకున్నారా?"

అతని కళ్ళు బీరువా వైపు వెళ్ళి వచ్చాయి. ఆమె లేచింది. బీరువా తెరవలేదు. తాళం వేసి, చెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. గది దాటి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి మరిదిని కేకేసింది.

"అమ్మకి చెప్పకు," అన్నాడు అతను.

"చెబుతాను. ఇది మనిద్దరం దాచుకునేది కాదు."

"నన్ను పిచ్చాసుపత్రిలో పడేస్తావా?"

"పడెయ్యను. తీసుకెళ్తాను. మీ పక్కనే కూర్చుంటాను."

"రేపు వెళ్దాం."

"రేపు సెలవన్నారుగా. ఇవాళే వెళ్దాం."

అతను కాదనలేదు. సరే అని కూడా అనలేదు. మడిచిన ఏప్రన్ల మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. ఆమె ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. చల్లగా ఉంది. పొద్దస్తమానం బట్టీ ముందు ఉండే చెయ్యి అంత చల్లగా ఉంటుందని ఆమెకి తెలీదు.

చిన్నా వచ్చాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, మాటలు మెత్తబరచలేదు. అతను అన్న వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. కాసేపు ఎవరైనా కాదు అంటారేమో అని ఎదురుచూశాడు.

"అన్నయ్యా, మరి పొద్దున్న చెక్కపార…"

అని ఆగిపోయాడు. అదెందుకు ఇచ్చాడో అప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచి వెళ్ళిన ప్రతి హోటల్లోనూ ఆ సంగతి చెప్పుకున్నాడు, అన్న తనని మనిషిగా గుర్తించాడని గొప్పలు పోయాడు. ఇప్పుడు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత," అంది పెద్దకోడలు. "ఈ తాళంచెవి నీ దగ్గరుంచు. బీరువా తెరవకు, అమ్మకివ్వకు. వ్యాన్ గుమ్మం దగ్గరికి తియ్యి."

ముగ్గురూ కిందికి దిగుతుంటే మెట్ల చివర అత్తగారు కూర్చుని ఉంది. కింది నుంచి రెండో మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. వాళ్ళు పైన ఉన్నంతసేపూ అక్కడే ఉన్నట్టుంది.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి అత్తయ్యా."

"జ్వరమా?"

"కాదు."

"జ్వరం కాకపోతే ఆసుపత్రి ఎందుకు? నాలుగు రోజులు నిద్ర పోతే అదే సర్దుకుంటుంది. నేను తల నిమురుతూ కూర్చుంటాను."

"రెండు నెలలుగా నాలుగు రోజులే అంటున్నారు."

"మా ఇంట్లో అలాంటివి లేవు."

"చెయ్యి కాలితే పరిగెత్తుకెళ్ళి చల్లటి నీళ్ళలో పెట్టేది మీరేగా. అప్పుడు మా ఇంట్లో కాలడాలు లేవని ఊరుకున్నారా?"

"చెయ్యి కాలడమూ ఇదీ ఒకటేనా? ఆ ఆసుపత్రి గుమ్మం ఎక్కితే నలుగురూ చూస్తారు. రేపు పాప పెద్దదవుతుంది, ఆ మాట దాన్ని వదలదు. పిచ్చోడి కొట్టులో రొట్టె ఎవడు కొంటాడు?"

"కొనకపోతే మానెయ్యనీండి."

"నువ్వు బయట నుంచి వచ్చినదానివి. నీకేం తెలుసు ఈ కొట్టు సంగతి?"

ఆ మాట ఆ ఇంట్లో చాలాసార్లు వినపడిందే. మామూలుగా అయితే పెద్దకోడలు అక్కడితో నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది, తర్వాత గిన్నెలు మాట్లాడేవి. ఇవాళ వెళ్ళలేదు.

"అమ్మా, జరుగు," అన్నాడు చిన్నా వెనక నుంచి.

"నువ్వు నోర్ముయ్యి." ఆవిడ కోడలి వైపే చూస్తోంది. "అడగొద్దన్నాను. అడిగావా వాణ్ణి?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

పెద్దాడు ఇద్దరి మధ్యలో, రెయిలింగు పట్టుకుని, వాళ్ళు ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టు నిలబడ్డాడు.

"ఔనన్నారు," అంది పెద్దకోడలు.

అత్తగారు లేవలేదు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని గోడవైపు ఒదిగింది. వాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆవిణ్ణి దాటుకుని దిగారు. పెద్దాడు దాటుతుంటే ఆవిడ అతని పాదం పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

వ్యాన్ కదలబోతుంటే వెనక తలుపు ఎవరో కొట్టారు. అత్తగారే. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పెద్దాడి చెప్పు. ఏమీ చెప్పకుండా ఎక్కి, ఖాళీ రొట్టె ట్రేల మధ్య కూర్చుంది. దారి పొడుగునా ఆ ట్రేలు గలగలలాడాయి.

ఆసుపత్రి గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి. చిన్నా నిలబడ్డాడు. డాక్టరమ్మకి జలుబు చేసింది, మాటమాటకీ రుమాలు అడ్డం పెట్టుకుంటోంది. పెద్దకోడలు ఎవరో గంభీరమైన మనిషిని ఊహించుకుని వచ్చింది. ఈవిణ్ణి చూసి, ముక్కు కారుతున్న మనిషి నా ఇల్లు ఏం నిలబెడుతుంది అనుకుంది. కానీ డాక్టరమ్మ అడగాల్సినవన్నీ ముందు పెద్దాణ్ణే అడిగింది. అతను ఎంతసేపు మాట్లాడకపోయినా అంతసేపూ ఆగింది. పైగదిలో చెప్పినవే అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి కొంచెం ఎక్కువ చెప్పాడు. తాత పిండి తన చేతిలో తెగిపోతుందని ప్రతి రాత్రీ భయపడి లేచి జాడీ మూత తీసి చూసేవాడట. చూసి చూసి, తెంపేస్తే ఆ భయం పోతుంది కదా అనిపించిందట.

పక్కనే పడుకున్న పెద్దకోడలికి ఆ సంగతి తెలీదు. నీళ్ళు తాగడానికి లేస్తున్నాడు అనుకునేది.

"ఇంకొకటి అడగాలి," అంది డాక్టరమ్మ, ఈసారి అందరి వైపూ చూసి. "దీంతో ఎవరినీ తప్పుపట్టడం ఉండదు. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా ఇలా బాధపడ్డారా? ప్రాణం తీసుకోవడం గానీ, ప్రయత్నించడం గానీ?"

"లేదండీ," అన్నాడు చిన్నా. "మా చిన్నప్పుడే నాన్న పోయారు గానీ, అది గుండెపోటు."

"లేదండీ," అంది పెద్దకోడలు కూడా.

"ఉంది," అంది అత్తగారు.

ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. కాళ్ళకున్న జత కాని చెప్పుల వైపు చూస్తోంది.

"ఆయన కూడా జాడీ కడిగాడు. రేపు సెలవు అన్నాడు. నేను సంతోషపడ్డాను. ఎన్నాళ్ళకి సెలవు దొరికింది, పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామా అని అడిగాను. అలాగే అన్నాడు." ఒక చెప్పులోంచి కాలు తీసి మళ్ళీ పెట్టింది. "గుండెపోటు అని నేనే చెప్పాను. అందరూ నమ్మారు. నమ్మనివాళ్ళు పైకి అడగలేదు."

"అమ్మా," అన్నాడు చిన్నా.

పెద్దకోడలు అత్తగారి వైపు తిరిగింది. రెండు నెలలు. రెండు నెలలుగా తను డాక్టరు అంటే మా ఇంట్లో అలాంటివి లేవు అన్న నోరిది.

"అయితే జాడీ చూడగానే మీకు తెలిసింది," అంది.

"తెలిసింది."

"తెలిసి నా మీద అరిచారు."

"నువ్వే కడిగి ఉంటే బాగుండునని అరిచాను."

పెద్దకోడలికి కోపం పోలేదు, పోదు కూడా, ఇంటికి వెళ్ళాక చాలా కాలం ఉంటుంది. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ముసలి చేతుల వైపు చూసింది. అవి ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"మరి పిండి?"

అడిగింది పెద్దాడు. అప్పటిదాకా ప్రశ్నలకి జవాబులే చెప్పాడు. తనంతట తను అడిగిన మొదటి మాట అది.

"ఏ పిండి?"

"నాన్న కడిగేశాడన్నావుగా. నేను రోజూ కలుపుతున్నది తాత పిండి కాదా?"

"తాతది ఆ రోజే పోయింది. నువ్వు కలుపుతున్నది నేను పెట్టింది."

"బోర్డు మీద అలా ఉందే."

"బోర్డు అబద్ధం రా. నేనే రాయించాను. ఎవరికీ అనుమానం రాకూడదని."

అతను తన చేతులు తిప్పి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎండిన పిండి ఇంకా ఉంది. జాడీ అంత శుభ్రంగా కడిగిన మనిషి చేతులు సరిగ్గా కడుక్కోలేదు.

డాక్టరమ్మ రుమాలు పక్కన పెట్టింది. "మీరు ఇవాళ ఇక్కడ ఉండాలి," అంది అతనితో. "కొన్ని రోజులు. మందులు ఉంటాయి, మీకు తోడుగా మనుషులు ఉంటారు, మీ భార్య రావచ్చు. మీ అంతట మీరు ఒప్పుకుంటే నాకు సంతోషం. ఉంటారా?"

ఔనంటే పెద్దకోడలు బయట వరండా బల్ల మీద ఎన్ని రాత్రులైనా కూర్చుంటుంది. కాదంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలీదు. చిన్నా జేబులో ఉన్న తాళంచెవి గుర్తొచ్చింది. తను తాళం వెయ్యగలిగింది ఒక్క బీరువాకే.

పెద్దాడు డాక్టరమ్మ వైపు చూడలేదు. తల్లి వైపే చూస్తున్నాడు.

"జాడీ ఖాళీగా ఉందిగా," అన్నాడు. "నాన్న పోయిన మర్నాడు పొద్దున్న లేచి ఏం చేశావమ్మా?"